వాలు చిత్రం

జగిత్యాల జిల్లా ముత్యంపేటలోని చక్కెర కర్మాగారం 2015 డిసెంబరులో మూతపడింది. అటువంటి కర్మాగారాన్ని ఒక ఛాయాగ్రాహకుడు చిత్రించదలచాడనుకుందాం. కెమెరాను కొంచెం పక్కకు వంచితే చాలు, పొగగొట్టం నేలకు ఒరిగిపోతున్నట్లు కనిపిస్తుంది. చూసేవారి మనస్సు చివుక్కుమంటుంది. కాని పొగగొట్టం ఒరగలేదు. నిటారుగా ఉండి కూడా పొగ లేకుండా నిలిచిపోవడమే అక్కడి చెరకు రైతుకూ, కార్మికునికీ తెలిసిన దుఃఖం. వాలిన చిత్రం ఆ దుఃఖాన్ని పెంచి చూపినట్లే చూపి, దాని అసలు రూపాన్ని కప్పివేస్తుంది. కట్టడాన్ని వంచి చూపే హక్కు ఛాయాగ్రాహకునికి ఎంతవరకు ఉన్నదన్న ప్రశ్న ఇక్కడే పుడుతుంది.

హైదరాబాదు విషయంలో ఈ ప్రశ్న వేసుకుంటే మొదట జ్ఞప్తికి వచ్చే పేరు రాజా దీన్ దయాళ్. 1844లో మీరట్ సమీపంలోని సర్ధనాలో జన్మించిన ఆయన ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాగ్రాహకుడయ్యాడు. ఆయన తీసిన కట్టడాల చిత్రాలలో స్తంభాలు స్తంభాలుగానే నిలబడతాయి. ఇది అప్రయత్నంగా జరిగేది కాదు. ఎత్తైన భవనం కోసం కెమెరాను పైకెత్తితే దాని నిలువు గీతలు పైకి పోయేకొద్దీ ఒకదానివైపు ఒకటి వాలుతాయి. ఆనాటి పెద్ద కెమెరాలలో కెమెరాను కదల్చకుండా కటకాన్ని మాత్రమే పైకి జరిపే వీలుండేది. ముక్కాలిపీటపై దానిని నిలిపి, గాజు పలక అమర్చి, ఓపికగా కొలతలు చూసుకుంటేనే గీతలు నిటారుగా వచ్చేవి. ఆ ఓపిక ఫలితం నేటికీ అందుతున్నది. 2019 మే నెలలో చార్మినార్ మినారు నుండి గచ్చు అలంకరణ ముక్క ఒకటి ఊడిపడింది. అటువంటి నష్టం జరిగినప్పుడు మరమ్మతు చేసేవారికి నిటారైన పాత చిత్రం కొలబద్దగా ఉపయోగపడుతుంది. వంకర చిత్రం అందానికే పరిమితం.

అయితే నిటారుతనమే సర్వస్వమనడం కూడా సరికాదు. రష్యన్ కళాకారుడు అలెగ్జాండర్ రోద్చెంకో 1925లో మాస్కోలోని మ్యాస్నిత్స్కాయా వీధి భవనాన్ని అడుగు నుండి పైకి చిత్రించాడు. బాల్కనీలు ఒకదానిపై ఒకటి ఆకాశంలోకి ఎక్కిపోతున్నట్లుంటాయి. బొడ్డు దగ్గర కెమెరా పట్టుకుని తీసే అలవాటును ఆయన ఎగతాళి చేశాడు. మేడలు పెరిగిన నగరంలో మనిషి చూపు కూడా పైకీ కిందికీ తిరుగుతున్నదని ఆయన వాదం. చార్మినార్ పాదం వద్ద నిలబడి దాదాపు 160 అడుగుల మినారును చూడాలంటే ఎవరైనా మెడ వెనక్కి వంచవలసిందే. ఆ మెడనొప్పి చిత్రంలోకి వస్తే తప్పేమున్నది? కెమెరాను పైకెత్తడం వేరు, నేలనే పక్కకు ఒరగబెట్టడం వేరు. మొదటిది శరీరం చేసే పని. రెండవది చాలాసార్లు చేతి చాపల్యం. అపార్ట్‌మెంట్ల ప్రకటన పత్రాలలో భవనాలన్నీ ఎగరబోతున్నట్లు ఎందుకు వాలి ఉంటాయో కొనేవారు ఆలోచించవలసి ఉన్నది.

ప్రతిబింబం సంగతి వేరు. అది కట్టడాన్ని వంచకుండానే వింత చేస్తుంది. 1998లో ప్రారంభమైన సైబర్ టవర్స్ తరువాత మాదాపూర్ ప్రాంతమంతా అద్దాల గోడలతో నిండిపోయింది. ఆ నేలలోని గ్రానైటు శిలల వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. పగులగొట్టగా మిగిలిన ఒక బండరాయి ఎదుటి అద్దపు మేడలో కనిపించిన క్షణాన, పోయినదీ వచ్చినదీ ఒకే చిత్రంలో ఇముడుతాయి. ఇందులో ఒక మెలకువ ఉన్నది. బండరాయి అద్దానికి ఎంత దూరంలో ఉంటే దాని ప్రతిబింబం అద్దానికి లోపల అంతే దూరంలో ఉన్నట్లు లెక్క. కటకాన్ని అద్దంపై కేంద్రీకరిస్తే మేడ స్పష్టమై రాయి మసకబారవచ్చు. ప్రతిబింబంపై కేంద్రీకరిస్తే రాయి తేటపడి మేడ అంచులు కరగవచ్చు. దేనిని తేటగా చూపాలో నిర్ణయించేది యంత్రం కాదు. మెరుపును తొలగించే ఫిల్టరు వాడి ప్రతిబింబాన్ని తుడిచివేసేవారూ ఉన్నారు. భవన యజమానికి అది నచ్చవచ్చు. నగర చరిత్రకు మాత్రం నష్టం.

అద్దాల మేడలు లేనిచోట ఈ కళకు తావు లేదని జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల విద్యార్థులు నిరుత్సాహపడనక్కరలేదు. జగిత్యాల కోట నక్షత్రాకారంలో కట్టినది, చుట్టూ కందకం ఉన్నది. దాని గోడలే కోణాలుగా మలుపులు తిరుగుతాయి కనుక కెమెరాను ఒరగబెట్టే పని లేదు. కందకంలో నీరున్న వేళ గట్టుపై కూర్చుంటే, రాతిగోడ తలకిందులుగా నీటిలో దిగి ఉంటుంది. గాలి వీచినప్పుడు ముక్కలై, గాలి ఆగాక మళ్ళీ మెల్లగా అతుక్కుంటుంది.