కలం ఆగితే తెర మూగే!

మియాపూర్ మెట్రో స్టేషన్ దగ్గర తెల్లవారేసరికే జనం కిటకిటలాడుతుంటారు. సంగారెడ్డి, పటాన్‌చెరు వైపు నుంచి వచ్చిన బస్సులు దిగి పరుగున మెట్లెక్కుతారు. మెడలో కార్డులు వేసుకొని హైటెక్ సిటీకి వెళ్లేవారు కొందరు. భుజాన సంచి తగిలించుకొని, అమీర్‌పేటలో రైలు మారి, యూసుఫ్‌గూడలో దిగి కృష్ణానగర్ బాట పట్టేవారు మరికొందరు. ఈ రెండో రకం వారిది సినిమా కూలి. లైట్లు మోసేవారు, దుస్తులు సర్దేవారు, వంట చేసేవారు, గుంపులో నిలబడేవారు. వీరిలోనే సంచిలో కాగితాల కట్ట పెట్టుకొని తిరిగే రచయితలూ ఉంటారు. పేరున్న నలుగురిని మినహాయిస్తే, రచయితదీ రెక్కాడితే డొక్కాడే బతుకే.

2025 ఆగస్టులో ఆ సంచుల వారికి పని ఆగింది. 30 శాతం వేతనాలు పెంచాలని తెలుగు ఫిలిం ఇండస్ట్రీ ఎంప్లాయీస్ ఫెడరేషన్ ఆగస్టు 4న సమ్మెకు దిగింది. షూటింగులు ఎక్కడివక్కడ నిలిచిపోయాయి. చర్చలు జరిగాయి, విఫలమయ్యాయి, మళ్లీ జరిగాయి. ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి జోక్యం చేసుకున్నారు. చివరకు ఆగస్టు 21న కార్మిక శాఖ సమక్షంలో రాజీ కుదిరింది. మూడేళ్లలో మొత్తం 22.5 శాతం పెంపునకు ఉభయులూ ఒప్పుకున్నారు. సమ్మె సాగింది 18 రోజులు.

ఆ 18 రోజులూ ఊళ్లలో టీవీలు మాత్రం మోగుతూనే ఉన్నాయి. సమ్మె జరుగుతున్నట్టు చాలా ఇళ్లకు తెలియనే లేదు. తెలిసినవారు కూడా 'సినిమావాళ్ల గొడవ మనకెందుకు' అనుకున్నారు. అలా అనుకోవడంలోనే ఉంది పొరపాటు.

ఖాళీ అయ్యే గాదె

సినిమా ఆగితే ప్రేక్షకుడికి వెంటనే తెలియదు. ఈరోజు తీసింది హాలుకు వచ్చేసరికి నెలలు పడుతుంది. టీవీ అలా కాదు. సోమవారం నుంచి శనివారం దాకా వారానికి 6 రోజులు సీరియల్ నడవాలి. అంటే నెలకు పాతిక ఎపిసోడ్లకు పైమాటే. ఒక్కో ఎపిసోడ్‌కు కథ నడక, సన్నివేశం, మాటలు ఎవరో ఒకరు కూర్చొని రాయాలి. ముందుగా తీసి దాచుకునేవి కొన్నే ఉంటాయి. ఆ గాదె ఖాళీ అయితే తెర మీద చూపడానికి ఏమీ ఉండదు.

ఇది ఊహ కాదు. 2020 మార్చిలో కరోనా వచ్చి షూటింగులు నిలిచినప్పుడు జనం కళ్లారా చూసిందే. దూరదర్శన్ మార్చి 28 నుంచి పాత 'రామాయణ్'ను మళ్లీ ప్రసారం చేసింది. తెలుగు చానళ్లు కూడా పాత ఎపిసోడ్లనే తిప్పి తిప్పి వేశాయి. జూన్‌లో తెలంగాణ ప్రభుత్వం షూటింగులకు అనుమతి ఇచ్చేదాకా అదే తంతు. పొలం నుంచి వచ్చి కాళ్లు కడుక్కొని టీవీ ముందు కూర్చున్న అత్తాకోడళ్లకు, అంతకుముందు చూసిందే మళ్లీ కనిపించింది. అప్పుడు ఆపింది రోగం. రేపు సమ్మె ఆపినా జరిగేది అదే.

మరో సంగతి కూడా ఉంది. ఖాళీ అయిన చోటును చానల్ ఖాళీగా ఉంచదు. పాతవి వేస్తుంది. హిందీ నుంచో, తమిళం నుంచో డబ్బింగ్ సరుకు దింపుతుంది. లేదంటే రచయితతో పెద్దగా పని లేని ఆటలపోటీలు పెడుతుంది. డబ్బింగ్ సీరియళ్లు వద్దని తెలుగు టీవీ కళాకారులు, సాంకేతిక సిబ్బంది గతంలో రోడ్డెక్కిన సంగతి పాఠకులకు గుర్తుండే ఉంటుంది. వారి భయం ఒకటే. ఒకసారి ఆ సరుకుకు జనం అలవాటు పడితే మన మాట, మన యాస, మన ఇంటి కథ మళ్లీ తెర ఎక్కడం కష్టం. కనుక సమ్మె ఎక్కువ రోజులు సాగితే నష్టపోయేది కార్మికుడు, నిర్మాత మాత్రమే కాదు. చూసేవాడు కూడా.

అమెరికాలో 148 రోజులు

రచయితలే కలం కింద పెడితే ఏమవుతుందో అమెరికా చూపించింది. అక్కడి రచయితల సంఘంలో సినిమాలకు, టీవీకి రాసేవారు సుమారు 11,500 మంది. 2023 మే 2న వారు సమ్మెకు దిగారు. రాత్రిపూట వచ్చే నవ్వుల కార్యక్రమాలు ఆ మరుక్షణమే ఆగిపోయాయి. ఏ రోజు వార్త మీద ఆ రోజే చతురోక్తి రాయాలి కదా! తర్వాత సీరియళ్లు ఆగాయి. జూలైలో నటీనటులు కూడా తోడయ్యారు. రచయితల సమ్మె సెప్టెంబరు 27న, 148 రోజులకు ముగిసింది.

ఈలోగా అవార్డుల పండుగలకు తిప్పలొచ్చాయి. టీవీ రంగంలో పెద్దదైన ఎమ్మీ అవార్డుల సభ 2023 సెప్టెంబరు 18న జరగవలసి ఉండగా 2024 జనవరి 15కు వాయిదా పడింది. అంతకుముందు 2007 నవంబరులో మొదలైన సమ్మె 100 రోజులు సాగినప్పుడు మరీ విడ్డూరం. 2008 జనవరిలో గోల్డెన్ గ్లోబ్ విందు సభ రద్దయింది. విజేతల పేర్లను విలేకరుల సమావేశంలో చదివి ముగించారు. రచయితల నిరసన గీత దాటి రావడానికి నటీనటులు ఒప్పుకోకపోవడమే అందుకు కారణం. పెళ్లికొడుకు లేని పందిరిలో బాజాలెందుకు?

అక్కడి రచయితలు అడిగిందేమిటి? పాత ఎపిసోడ్ మళ్లీ వేసినా, ఫోన్లలో, ఓటీటీలో చూపినా తమకు సరైన వాటా రావాలన్నారు. కంప్యూటర్ మేధతో రాయించి రచయితను పక్కకు నెట్టరాదన్నారు. ఒప్పందంలో ఈ రెండింటిపైనా కొంత సాధించుకున్నారు. యంత్రం రాసినదాన్ని రచయిత రచనగా లెక్కించరాదని కాగితం మీద రాయించుకున్నారు. కృత్రిమ మేధ పేరు మియాపూర్, మాదాపూర్ దారుల్లో వినిపించని రోజు లేదు. ఆ యంత్రం సీరియల్ మాటలు కూడా రాయగలనంటోంది. కనుక ఆ గొడవ సప్తసముద్రాల అవతలిదని తోసిపుచ్చడానికి వీలులేదు.

సన్మానం సరే, సంపాదన?

2023 మార్చి 12న లాస్ ఏంజెలిస్‌లో 'నాటు నాటు' పాటకు ఆస్కార్ వచ్చింది. సంగీతం కూర్చిన కీరవాణితో పాటు పాట రాసిన చంద్రబోస్ కూడా వేదిక ఎక్కారు. చల్లగరిగ అనే పల్లెలో పుట్టిన రచయితకు ప్రపంచం చప్పట్లు కొట్టింది. తెలుగు ఊళ్లన్నీ మురిసిపోయాయి. సరిగ్గా 51 రోజులకు అదే ఊళ్లో రచయితలు ప్లకార్డులు పట్టుకొని రోడ్డెక్కారు.

మన దగ్గర చూడండి. 2025 జూన్ 14న మియాపూర్‌కు అట్టే దూరం లేని హైటెక్స్‌లో గద్దర్ తెలంగాణ చలనచిత్ర అవార్డుల సభ అట్టహాసంగా జరిగింది. 1964లో మొదలైన నంది అవార్డుల సంప్రదాయం ఆగిపోయిన లోటును ఈ సభ కొంత తీర్చిందన్న మాట వాస్తవం. గద్దర్ ఎవరు? కూలివాడి చెమటను పాట కట్టిన మనిషి. ఆయన పేరిట సభ జరిగి 51 రోజులు గడిచాయో లేదో, ఆగస్టు 4న సినిమా కూలీలు పని మానేశారు. అక్కడా 51, ఇక్కడా 51. కాకతాళీయమే కావచ్చు. కానీ వేదిక మీద శాలువా వేరు, ఇంట్లో పొయ్యి వెలగడం వేరు అనడానికి ఇంతకంటే రుజువేమి కావాలి?

అవార్డుల సభలను ఊళ్లలో ఇంటిల్లిపాదీ కూర్చొని చూస్తారు. హీరోల తళుకులు చూస్తారు. యాంకర్ జోకుకు నవ్వుతారు. ఆ జోకు కూడా ఎవరో రచయిత రాసిందేనని ఎంతమందికి తెలుసు? ఆ రచయితకు పారితోషికం అందిందా లేదా అని అడిగేవారెవరు?

నిర్మాత మాటా వినాలి

న్యాయంగా చెప్పుకోవాలంటే రెండో పక్షానికీ బాధలున్నాయి. ఖర్చులు పెరిగాయని, హాళ్లకు జనం తగ్గారని నిర్మాతలు 2022 ఆగస్టు 1 నుంచి తామే షూటింగులు ఆపేశారు. దాదాపు నెల రోజులు పని నిలిచింది. పెద్ద నిర్మాత తట్టుకుంటాడు. అప్పు తెచ్చి చిన్న సినిమా తీసేవాడికి ఒక్కో రోజు ఆలస్యమూ వడ్డీయే. అతడి గోడునూ కొట్టిపారేయలేం.

అయితే పల్లె జనానికి తెలియని సంగతి కాదిది. నాట్ల కాలంలో కూలి రేటు తెగక రెండు రోజులు పని ఆగితే నారు ముదిరిపోతుంది. మార్కెట్ యార్డులో హమాలీలు పని ఆపితే ధాన్యం వానపాలవుతుంది. అప్పుడు రైతుకు కోపం వస్తుంది. రావడమూ సహజమే. అయినా పెద్దమనుషులు హమాలీని తిట్టి ఊరుకోరు. రేటెంత, ఎప్పుడు పెంచారు, ఇప్పుడు బతుకు ఖర్చెంత అని అడిగి మధ్యలో ఒక మాట తెంపుతారు. తెర వెనుక కూలికి కూడా ఆ న్యాయమే వర్తించాలి. సీరియల్ రచయితకు ఎక్కువగా ఎపిసోడ్ లెక్కనే డబ్బు ముడుతుంది. ఒకరకంగా అది గుత్త పని. సీరియల్ ఆగితే గుత్తా పోయినట్టే.

చట్టం ఉంది, చలనం కావాలి

రచయితకు దన్నుగా చట్టం లేకపోలేదు. 2012లో సవరించిన కాపీరైట్ చట్టం ప్రకారం, సినిమాలో వాడిన రచనను సినిమా హాలు బయట వాడుకుంటే రచయితకు రాయల్టీలో సమాన వాటా దక్కాలి. ఆ హక్కును నిర్మాతకు వదిలేస్తున్నానని సంతకం పెట్టినా చెల్లదు. సినిమా కార్మికులతో రాతపూర్వక ఒప్పందం ఉండాలని 1981 చట్టమే చెప్పింది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక కోడ్‌లో ఆ రక్షణ ఆడియో విజువల్ కార్మికులందరికీ విస్తరించింది. కానీ కాగితం మీద నీళ్లు పారితే చేను పండదు. ఒప్పందం అడిగితే పనే పోతుందన్న భయం ఉన్నంతకాలం కొత్త రచయిత నోరు తెరవడు.

చేయవలసింది పెద్ద పనేమీ కాదు. వేతన ఒప్పందం గడువు తీరకముందే కార్మిక శాఖ ఉభయులనూ కూర్చోబెట్టాలి. 18 రోజులు ఆగాక కుదిరిన రాజీ, ముందే కూర్చుంటే కుదరదా? సినిమాలకే కాదు, సీరియళ్లకు రాసేవారికి కూడా రాతపూర్వక ఒప్పందం తప్పనిసరిగా అమలు కావాలి. పాత ఎపిసోడ్ మళ్లీ వేసి చానల్ ప్రకటనల సొమ్ము రాబట్టుకున్నప్పుడు, రాసినవాడికి అందులో పిసరంతైనా చేరాలి. అవార్డుల సభలు జరిపే ప్రభుత్వం, ఆ అవార్డు పొందిన సినిమా సంస్థ తన కూలీలకు బాకీలు తీర్చిందా అని ఒక్క మాట అడిగితే అంతకు మించిన సన్మానం ఉండదు.

ఇక ప్రేక్షకుడి వంతు. నెలనెలా కేబుల్ బిల్లు కట్టేది అతడే. ప్రకటనల్లో చూసిన సబ్బు కొనేదీ అతడే. ఈ మొత్తం వ్యాపారం అతడి జేబు మీదే నడుస్తోంది. రేపు సీరియల్ ఆగి పాత ఎపిసోడ్ వస్తే విసుక్కొని టీవీ కట్టేసే ముందు ఒక్క మాట అడగాలి. రాసినవాడికి కూలి ముట్టిందా? నాటు వేసినవారికి కూలి ఇవ్వకుండా వరి కోసుకోవడం మన ఊళ్లలో మర్యాద కాదు. తెర మీద పంటకు మాత్రం ఆ మర్యాద ఎందుకు ఉండకూడదు?