కుట్టుమిషనుకి పూలదండ

"మీ కథ తెరమీదికెక్కిందటగా! ఓ రచయిత్రికి ఇంకేం కావాలమ్మా?" అంటూ మా పక్కింటి పిన్నిగారు చేతిలో పంచదార పోశారు. నోరు తీపి చేసుకున్నాను గానీ, మనసు మాత్రం చేదుగానే ఉంది.

ఏం జరిగిందంటారా? నా కథలో సీతమ్మగారు కొడుకింట్లో ఇమడలేక, తన పాత కుట్టుమిషను రిక్షాలో వేయించుకుని వెళ్ళి, వేరే గది అద్దెకు తీసుకుంటుంది. అంతే కథ. టెలిఫిల్ములోనో? కోడలు కాళ్ళమీద పడగానే కరిగిపోయి వెనక్కి వచ్చేసింది. మిషను హాల్లో ఓ మూలకి చేరింది. దానికో పూలదండ కూడానూ! బతికున్న మిషనుకి దండ వేయడమేమిటండీ అని అడిగితే, "ఆడవాళ్ళు ఏడిస్తేనే చూస్తారమ్మా" అన్నాడా దర్శకుడు. ఎవరు చెప్పారో ఆయనకి!

"డబ్బు పుచ్చుకున్నావుగా, ఇంకా గోలెందుకు?" అని మావారు. ఈ మాట దగ్గరే నాకు ఒళ్ళు మండుతుంది. పిల్లని అత్తారింటికి పంపాక పేరు మార్చి పిలుచుకున్నా ఊరుకుంటాం. చెయ్యి విరగ్గొడితే ఊరుకుంటామా?

మార్చడమే తప్పని నేననడం లేదు. హిందీ రచయిత్రి మన్నూ భండారి కథ 'యహీ సచ్ హై'ని బాసు చటర్జీ 1974లో 'రజనీగంధ'గా తీశారు. కథలోని కాన్పూరు, కలకత్తాలు సినిమాలో ఢిల్లీ, బొంబాయి అయ్యాయి. నిశీథ్ కాస్తా నవీన్ అయ్యాడు. అయితేనేం, ఇద్దరి మధ్య ఊగిసలాడే దీప మనసు ఎక్కడా చెదరలేదు.

అదే రచయిత్రి 'ఆప్ కా బంటీ' నవలను 'సమయ్ కీ ధారా'గా తీసినప్పుడు మాత్రం ఆవిడ కోర్టుకెక్కారు. విడిపోయిన తల్లిదండ్రుల మధ్య నలిగిపోయే పసివాడి కథ అది. నవల చివర వాణ్ణి హాస్టలుకి పంపిస్తారు. సినిమాలో చంపేశారు! కింది కోర్టు కాదన్నా ఆవిడ వదల్లేదు. సినిమా హక్కులు ఇచ్చేసినా సరే, రచనని వికృతం చేస్తే అడ్డుకునే హక్కు కాపీరైటు చట్టం 57వ సెక్షను కింద రచయితకి ఉంటుందని 1986లో ఢిల్లీ హైకోర్టు చెప్పింది. చివరికి రాజీలో ఏం కుదిరిందో తెలుసా? ఆ సినిమాకి ఆవిడ పేరూ, నవల పేరూ వాడకూడదని. తన పేరు తనే తీసేయించుకోవలసి వచ్చిందన్నమాట!

మన డాక్టర్ పి. శ్రీదేవిగారికి ఆ అవకాశమైనా లేదు. 'కాలాతీత వ్యక్తులు' రాసిన ఆవిడ 1961లోనే కన్నుమూశారు. దాని ఆధారంగా 'చదువుకున్న అమ్మాయిలు' 1963లో వచ్చింది. పాటలు నాకూ ఇష్టమే, అబద్ధమెందుకు! కానీ ఎవరి మెప్పుకోసమూ ఆగకుండా తన బతుకు తాను చూసుకున్న నవలలోని ఇందిర కోసం తెరంతా వెతికాను. కనబడలేదు.

"పుస్తకం అలమారలో భద్రంగానే ఉందిగా" అంటారు కొందరు పెద్దలు. ఉంది, నిజమే. దాన్ని తీసేవాళ్ళెందరు? మా వీధిలో సీతమ్మగారంటే ఇప్పుడు దండ వేసిన మిషనే గుర్తు.

మొన్న ఇంకొకాయన ఫోన్ చేశారు, మరో కథ కావాలని. "ముగింపు మార్చనని కాగితం మీద రాసిస్తారా?" అన్నాను. "ఆలోచించి చెప్తానమ్మా" అన్నారు. ఇంకా ఆలోచిస్తూనే ఉన్నట్టున్నారు. పిన్నిగారు మాత్రం రోజూ పిట్టగోడ మీదుగా అడుగుతున్నారు, ఏమైందని.