మందు నోట్లో పడకపోయినా...

“మూతికి గుడ్డ కట్టుకునే మందు కొట్టాను డాక్టరుగారూ, విషమెలా ఎక్కింది?” శంషాబాద్ విమానాశ్రయం చుట్టుపక్కల కూరగాయల రైతులు అడిగే ప్రశ్న ఇది. ఆర్గానోఫాస్ఫరస్ పురుగుమందులకు నోరే అక్కర్లేదు, చర్మం చాలు. 1971లో అమెరికాలో వెలువడిన ఒక పరిశోధనలో పారాథియాన్ మందు ముంజేతి చర్మంలో కన్నా వృషణాల చర్మంలో దాదాపు 12 రెట్లు ఎక్కువగా ఇంకింది. కారే పంపు వీపున తగిలించుకుంటే తడిసేవి నడుమూ, గజ్జలే కదా!

విపరీతమైన చెమట, చొంగ, వాంతులు, కంటిపాపలు చిన్నవి కావడం, కండరాలు అదరడం కనిపిస్తే మజ్జిగ తాగిస్తూ కూర్చోకండి. ముందు తడిబట్టలు విప్పేయండి. అవి వంటిమీదున్నంతసేపూ విషం ఎక్కుతూనే ఉంటుంది. సబ్బుతో ఒళ్లంతా కడిగి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. విరుగుడైన అట్రోపిన్ ఇంజక్షను అక్కడే ఇవ్వాలి. మందుడబ్బా మీది చీటీ కూడా తీసుకెళ్లండి. ఏ మందో తెలిస్తే డాక్టరుకు వెతుకులాట తప్పుతుంది.