కార్డు మనది... పిన్ ఊరందరిదా?

బట్టల కొట్టులో బిల్లు కట్టే వేళ కౌంటర్ కుర్రాడు కార్డు అందుకుని ‘అక్కా, పిన్ ఎంత?’ అంటాడు. అక్క నలుగురూ వినేలా నాలుగంకెలూ చెప్పేస్తుంది. బళ్లారి, హోసూరు, బరంపురం, షోలాపూర్... ఊరేదైనా ఇది మామూలైపోయింది. ఖాతా పుస్తకం మీద నమ్మకంతో సరుకులు తెచ్చుకున్న అలవాటు మనది. మిషన్ ఇటు తిప్పమంటే షావుకారును అనుమానించినట్టుంటుందని మొహమాటం. ఆయన మంచివాడే కావచ్చు. వెనక వరుసలో నిలబడ్డవాడి సంగతేమిటి?

దుకాణంలో డెబిట్ కార్డు గీకినా పిన్ కొట్టాల్సిందేనని రిజర్వు బ్యాంకు 2013 డిసెంబరు 1 నుంచి తప్పనిసరి చేసింది. ఆ తర్వాత చిప్ కార్డులొచ్చాయి. వెనకున్న నల్లపట్టీ వివరాలను దొంగ మిషన్‌తో క్షణాల్లో కాపీ కొట్టొచ్చు, చిప్‌తో అంత తేలిక కాదు. అయితే కార్డూ పిన్నూ రెండూ దొరికినవాడికి ఏ చిప్పూ అడ్డు కాదు.

అసలు నష్టం మరొకటుంది. ఖాతాదారుడి తప్పు, బ్యాంకు తప్పు రెండూ లేకుండా ఎవరో సొమ్ము కాజేస్తే, మెసేజ్ అందాక 3 పనిదినాల్లో బ్యాంకుకు చెప్పినవారిపై పైసా భారం పడకూడదని రిజర్వు బ్యాంకు 2017 జూలై 6న ఆదేశించింది. పిన్ వంటివి తానే చెప్పి ఉంటే మాత్రం ఫిర్యాదు చేసేదాకా పోయిందంతా ఖాతాదారుడి నెత్తినే. మొహమాటానికి ఇంత ఖరీదా?

ఆ 3 రోజుల దగ్గరే సరిహద్దు తెలుగువారికి మరో చిక్కు. మెసేజ్ ఇంగ్లిషులో వస్తుంది. బ్యాంకు ఫారాలు హిందీ, ఇంగ్లిషు, ఆ రాష్ట్ర భాషల్లో ఉంటాయి. తెలుగొక్కటే చదవగలిగిన పెద్దవాళ్లు పక్కింటి పిల్లాడు కాలేజీ నుంచి వచ్చి చదివిపెట్టేదాకా ఆగాల్సిందే. తెలుగు ఖాతాదారులు ఎక్కువగా ఉన్న శాఖల్లో ఈ నిబంధన తెలుగులో గోడకు అంటిస్తే బ్యాంకులకు అయ్యే ఖర్చెంత? డిపాజిట్లు అడిగేటప్పుడు గుర్తొచ్చే భాష, హక్కులు చెప్పేటప్పుడూ గుర్తు రావాలి.

వ్యాపారులూ తమ వంతు చేయాలి. మిషన్‌ను కొనేవారి చేతికివ్వాలి. ‘నంబరు చెప్పండి’ అనే మాట మానెయ్యాలని సిబ్బందికి గట్టిగా చెప్పాలి.

కొనేవాళ్లకూ జాగ్రత్తలున్నాయి. కార్డు కంటి ముందే ఉండాలి. మిషన్‌పై మొత్తం చూశాకే, చెయ్యి అడ్డం పెట్టి పిన్ కొట్టాలి. 2021 జనవరి 1 నుంచి 5 వేల రూపాయల దాకా పిన్ లేకుండానే ట్యాప్ చేసే వీలొచ్చింది. అక్కర్లేనివారు బ్యాంకుకు చెప్పి దాన్ని ఆపించుకోవచ్చు. సొమ్ము పోయిందని తెలిసిన వెంటనే బ్యాంకుకు చెప్పి కార్డు ఆపించాలి, 1930కి ఫోన్ చేయాలి.

షావుకారు మీద నమ్మకం ఎక్కడికీ పోదు. పిన్ మాత్రం పెదవి దాటకూడదు.