కోఠీయా, నిజామా, గచ్చిబౌలియా?

ఆవకాయలు పెట్టేశారా? కిందటేడు మా ఇంట్లో మామిడికాయలు ముక్కలు కొట్టించుకొచ్చి తుడుస్తూ కూర్చున్న రోజే మా అమ్మాయి వచ్చి, "అమ్మా, దోస్త్ నోటిఫికేషన్ పడింది" అంది. ఆ ఏడాది ఆవకాయలో ఉప్పు ఎక్కువైందంటే కారణం ఇదే మరి!

తెలియనివారికి చెబుతాను. తెలంగాణలో ప్రభుత్వ కాలేజీల్లో డిగ్రీ సీటు కావాలంటే 2016 నుంచీ దోస్త్ అనే ఆన్‌లైన్ పద్ధతిలోనే పేరు నమోదు చేసుకోవాలి. కాలేజీ పేరూ, గ్రూపూ కలిపి ఒక్కో ఆప్షన్. ఏది ముందు, ఏది వెనక అన్నది మనం పెట్టిన వరసే. మార్కులను బట్టి ఆ వరసలో పైనున్నది ముందు చూస్తారు.

మేముండేది ఫిల్మ్ నగర్ బస్తీలో. పేరు విని హీరోల పక్కిల్లు అనుకునేరు! మా వారు సినిమాల్లో లైట్ డిపార్ట్‌మెంటు. షూటింగు ఉన్న రోజే బేటా. పిల్ల బైపీసీ చదివింది. దానికి డాక్టరు కోరిక లేదు, కెమిస్ట్రీ అంటే ప్రాణం. బీఎస్సీ చేస్తానంది.

మాకు దగ్గర్లో ఉన్న పెద్ద క్యాంపస్ గచ్చిబౌలిలోని సెంట్రల్ యూనివర్సిటీ. 1974లో పెట్టారు. ఇంటర్ అవగానే చేరి ఏకంగా ఎమ్మెస్సీ దాకా అయిదేళ్ళు చదువుకోవచ్చు, హాస్టలూ ఉంది. తీరా చూస్తే దానికి దోస్త్ పనికిరాదట. 2022 నుంచీ సీయూఈటీ అని దేశమంతటికీ ఒకటే పరీక్ష. దాని దరఖాస్తు గడువు ఎండలు ముదరకముందే అయిపోయింది. ఇంటర్ పరీక్షల హడావుడిలో పిల్లా చూసుకోలేదు, నేనూ అడగలేదు. అది రెండ్రోజులు అన్నం సరిగ్గా తినలేదు. ఎవర్ని అంటాం? వచ్చే ఏడు ఇంటర్ రెండో సంవత్సరంలో ఉండే పిల్లలున్నవాళ్ళు సంక్రాంతి ముగ్గులు చెరిగేలోపే ఈ సంగతి కనుక్కోండి.

ఇంకా దగ్గర్లో, జూబ్లీహిల్స్ రోడ్ నంబర్ 46లో అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీ ఉంది. 1982లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయంగా మొదలైంది. "ఇంట్లోనే ఉండి చదువుకుంటుంది, నీకూ చేదోడుగా ఉంటుంది" అని మా ఆడపడుచు సలహా. నాకు ఒళ్ళు మండింది. ఆ చదువు తక్కువని కాదండీ, ఇంటర్‌తో ఆగిపోయిన నాలాంటివాళ్ళకి అది వరం. ఆ గేటు ముందు నుంచి వెళ్ళినప్పుడల్లా నాకూ మనసు లాగుతుంది. కానీ రోజూ ల్యాబులో నిలబడి నేర్చుకోవలసిన పిల్లని, అంట్లు తోమడానికి ఆసరా అవుతుందని ఇంట్లో కూర్చోబెడతామా?

ఇక మిగిలినవి రెండు. ఒకటి 1887 నాటి నిజాం కాలేజీ, బషీర్‌బాగ్‌లో. ఉస్మానియా యూనివర్సిటీదే, మగపిల్లలూ ఉంటారు. రెండోది కోఠీ ఉమెన్స్ కాలేజీ. 1924లో మొదలైంది, పాత బ్రిటిష్ రెసిడెన్సీ ఆవరణలో ఉంది. 2022లో దాన్ని మహిళా విశ్వవిద్యాలయం చేశారు, తర్వాత చాకలి ఐలమ్మ పేరు పెట్టారు.

మా వారు కోఠీ అన్నారు. పిల్ల నిజాం అంది. "సర్టిఫికెట్ మీద ఉస్మానియా పేరుంటే ఆ విలువే వేరు" అని పక్కింటి మాస్టారు. నాన్నా కూతురూ మాట్లాడుకోవడం మానేశారు, మధ్యలో నేను పోస్టుమాన్‌ని! మూడో రోజు రాత్రి షూటింగు నుంచి వచ్చాక కంచం ముందు అసలు సంగతి బయటపెట్టారు. "మగపిల్లలని కాదే. నేను రాత్రి పనిలో ఉంటే, చీకటి పడ్డాక మన సందులోకి దీన్ని ఎవరు తీసుకొస్తారు?"

ఆ మాట ముందే చెప్పి ఉంటే మూడు రోజుల అలక తప్పేది కదా! మర్నాడు పొద్దున్నే పిల్లా నేనూ బయల్దేరాం. ఆధార్ చూపిస్తే ఆడవాళ్ళకి సిటీ బస్సులో జీరో టికెట్, 2023 డిసెంబరు నుంచీ ఉన్నదే. మెహిదీపట్నంలో దిగి కోఠీ బస్సు ఎక్కాం. తిరుగుప్రయాణంలో మెట్రో చూశాం. కోఠీ నుంచైనా నిజాం నుంచైనా అమీర్‌పేటలో రైలు మారి జూబ్లీహిల్స్ చెక్‌పోస్టులో దిగాలి. పిల్ల గడియారం చూసి కాగితం మీద టైము రాసుకుంది. రెండు చోట్లా ఆఫీసులో నేను అడిగినవి మూడే: ఈ గ్రూపుకి వారానికి ల్యాబు ఎన్నిసార్లు, సాయంత్రం ఎన్నింటికి వదులుతారు, హాస్టలు డిగ్రీవాళ్ళకి ఇస్తారా. మూడోది మాకోసం కాదు, ఊళ్ళో ఉన్న మా చెల్లెలి కూతురి కోసం. హాస్టలు ఉంది అంటే మనకి ఇస్తారని కాదు. 2022లో నిజాం కాలేజీ డిగ్రీ ఆడపిల్లలు హాస్టలు తమకివ్వాలని ధర్నాలు చేస్తే గానీ రాలేదు.

ఆ కాగితం చూపించాక మా వారు కాసేపు ఏమీ అనలేదు. ల్యాబు ఉన్న రోజున కూడా ఆరున్నరకల్లా ఇంట్లో ఉంటుందని లెక్క తేలింది. "వరస నువ్వే పెట్టుకో" అని రిజిస్ట్రేషన్‌కి రెండు వందలు ఇచ్చారు. పిల్ల నిజాం మొదటిది, కోఠీ రెండోది పెట్టింది. దగ్గర్లోని ప్రైవేటు కాలేజీలు పెట్టనే లేదు. కులం, ఆదాయం సర్టిఫికెట్లు మీసేవలో ముందే తీసి ఉంచుకున్నాం, ఫీజు రీయింబర్స్‌మెంటుకి అవి కావాలి.

వచ్చింది కోఠీ. సీటు వచ్చింది కదా అని ఊరుకోకూడదు, గడువులోగా ఆన్‌లైన్‌లో సెల్ఫ్ రిపోర్టింగ్ చేయకపోతే అది పోతుంది. చేసేశాం. రెండో విడతలో మళ్ళీ నిజాంకి ప్రయత్నించవచ్చు. "పెడతావా?" అని వాళ్ళ నాన్నే అడిగారు. ఒక రోజంతా ఆలోచించి, "నాకు కావలసిన గ్రూపే వచ్చింది కదా నాన్నా, వద్దులే" అంది. మనసులో ఏముందో నాకు తెలుసు, అయినా కదపలేదు.

ఇప్పుడు రోజూ పొద్దున్న ఏడింటికల్లా బాక్సు సిద్ధం కావాలి. పులిహోర, జీరా రైస్ అంటే మొహం మొత్తిందట. మధ్యాహ్నం దాకా పాడవకుండా, చేతికి నూనె అంటకుండా తినగలిగేవి మీకేమైనా తెలిస్తే రాయండి.