పేరు పెట్టి పిలువనిండు

మెదడునకు శస్త్రచికిత్స జరిగి స్పృహలేక యున్నవానితో మాటలాడుట వెఱ్ఱి యని మా కంఠేశ్వర్‌లో కొందఱు పెద్దలందురు. ఆ మంచముచెంతనే యాస్తి పంపకములు ముచ్చటించుటకు మాత్రము వారు సంకోచింపరు!

వినబడదని వీరికెవరు చెప్పిరి? 2015లో అమెరికాయందు థెరిసా పేప్ ప్రకటించిన పరీక్షలో, తలకు దెబ్బతగిలి స్పృహ గోల్పోయిన 15 మందిలో కొందఱికి 6 వారములు, దినమునకు 4 మాఱులు, ఆత్మీయుల గొంతున పాతముచ్చటలు వినిపించిరి. వారియందు స్పందన హెచ్చుగా మెఱుగుపడెను. చిన్న పరీక్షయే, మందునకు బదులు కాదు. కాని వెఱ్ఱియు గాదు.

భర్తపేరు పలుకరాదని భార్యను, ఏడ్చునని తల్లిని వాకిటనే నిలుపు మర్యాద యెవరికొఱకు? వైద్యుని యనుమతితో వారిని లోనికి రానిండు. చేయి పట్టి, పేరు పెట్టి, పదినిమిషములు నెమ్మదిగా పలుకరింపనిండు. పిదప రోగిని విశ్రమింపనిండు. ఆయుష్షు తగ్గునన్న భయముతో పేరు దాచిన యిల్లాలు, ఆ యాయుష్షుకొఱకే నేడు నోరు విప్పవలదా?