ముట్టరాని రాళ్ళు

విశాఖపట్నం ఫిషింగ్ హార్బరులో, జెట్టీకి కూతవేటు దూరంలో ఉండే ఒక కుర్రవాడు ఎనిమిదో తరగతి పరీక్షలో రాసిన జవాబు ఈమధ్య నా కంటబడింది. సముద్రపు కోత అంటే ఏమిటని ప్రశ్న. "అలల తాకిడికి తీరము క్షీణించుటను సముద్రపు కోత అందురు. ఇది ప్రకృతిసిద్ధమైన ప్రక్రియ" అని వాడు రాశాడు. పూర్తి మార్కులు పడ్డాయి.

ఆ జవాబులో అబద్ధం ఒక్క ముక్క లేదు. కాని వాడు పుట్టి పెరిగిన తీరం గురించిన నిజమూ లేదు. నైరుతి ఋతుపవనాల కాలంలో అలలు ఒడ్డును ఏటవాలుగా తాకి, ఇసుకను దక్షిణం నుంచి ఈశాన్యానికి తోసుకుపోతాయి. తూర్పుతీరం పొడుగునా సాగే ఈ ఇసుక ప్రయాణానికి విశాఖలో 1933లో ప్రారంభమైన ఓడరేవూ, 1970 దశకంలో కట్టిన ఔటర్ హార్బరు రాతిగోడలూ అడ్డం వచ్చాయి. ఇసుక దక్షిణాన ఆగిపోతుంది. ఉత్తరాన ఉన్న ఆర్.కె. బీచికి రావలసిన వాటా రాదు. అందుకే డ్రెడ్జరు పెట్టి, ఆగిన ఇసుకను తోడి బీచికి పోయడం అనే తంతు ఏళ్ళ తరబడి సాగుతున్నది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చి, బక్కచిక్కిన ఆ ఒడ్డును ఇంకా చీల్చిపోయింది. ఆ డ్రెడ్జరును మన కుర్రవాడు తన కళ్ళతో చూస్తాడు. కాని పరీక్షలో దాని ఊసు రాదు. "ప్రకృతిసిద్ధం" అన్న ఒక్క మాటతో మానవుడు చేసినదంతా మాయమైపోయింది!

రేవు కట్టకూడదని నా వాదం కాదు. ఆ రాతిగోడల చాటు లేకపోతే ఆ కుర్రవాడి తండ్రి పనిచేసే మరబోటుకు నిలబడే చోటే లేదు. కట్టినది మనుషులు గనుక, దాని మంచిచెడ్డలను మనుషులే తేల్చుకోవచ్చునన్న సంగతి వాడికి తెలియాలి. ప్రకృతిని అడిగేవాడెవడు? మనిషి చేసినదాన్ని మాత్రం అడగవచ్చు.

ఇక రెండో దృశ్యం. పిల్లలకూ తల్లిదండ్రులకూ కలిపి భూవిజ్ఞానం నేర్పుతామని నగరంలో ఒక ఆదివారం ఏర్పాటు చేశారు. నేనూ వెళ్ళాను. ప్రవేశానికి టిక్కెట్టు. లోపల వంటసోడా, నిమ్మరసం కలిపి పొంగించే అట్ట అగ్నిపర్వతం. గాజుపెట్టెలో దూరదేశపు రాళ్ళు, పక్కనే "ముట్టరాదు" అని బోర్డు. ముట్టరాదన్న మాట ఈ దేశంలో ఎంత పాతదో, ఎవరిమీద ఎలా ప్రయోగించబడిందో ఈ పత్రిక చదివేవారికి నేను చెప్పనక్కరలేదు. అట్టపెట్టెలో అమర్చిన పన్నెండు రాళ్ళ ముక్కలను ఒక తండ్రి కొని కొడుక్కిచ్చాడు. బయటికి వచ్చి ఆ పిల్లవాడు ఏ గట్టుమీద కూర్చున్నాడో ఆ గట్టు రాయి పేరు ఆ పెట్టెలో లేదు.

అది ఖోండలైటు. తూర్పుకనుమల కొండల్లో నివసించే ఖోండు గిరిజనుల పేరుమీద 1902లో వాకర్ అనే భూగర్భశాస్త్రజ్ఞుడు పెట్టిన పేరు. కైలాసగిరికి వెళ్ళే దారిలో కొండను కోసినచోట ఎవరైనా చూడవచ్చు. తుప్పురంగు రాయి, అందులో ఎర్రటి గార్నెట్ గింజలు. ఈ రాతిమీద లక్షల ఏళ్ళు వానలు కురిసి, కరిగేదంతా కరిగిపోగా మిగిలిందే మన్యపు కొండల నెత్తిన ఉన్న బాక్సైటు. రాయికి పేరిచ్చిన జనాన్నే ఆ కొండలమీది నుంచి దింపేందుకు ప్రయత్నాలు జరిగాయి. ఇది భూగర్భశాస్త్రమా, రాజకీయమా? పాఠ్యపుస్తకం వేసిన గీత నాకు కనిపించటం లేదు.

మరుసటి వారం నేను ఒక పాత రేడియో స్పీకరు నుంచి ఊడదీసిన అయస్కాంతం పట్టుకుని హార్బరు పక్క ఒడ్డుకు వెళ్ళాను. నేను తెలుగు చెప్పుకునేవాణ్ణి. ఇంతకు మించిన ప్రయోగశాల నాకు లేదు. అయస్కాంతానికి కాగితం చుట్టి ఇసుకలో తిప్పితే నల్లటి గింజలు ముళ్ళలా లేచి నిలబడ్డాయి. నిమిషంలో పదిమంది పిల్లలు మూగారు. మాగ్నటైటు, కొంత ఇల్మెనైటు. కాగితం తీస్తే రాలిపోతాయి. మిగిలిన ఇసుకను కొబ్బరిచిప్పలో నీళ్ళతో కడిగి ఎర్రగింజలు వేరుచేద్దామని నేను అవస్థ పడుతుంటే, ఎండుచేపలు తిరగవేస్తున్న ఒకామె లేచి వచ్చింది.

"అలక్కాదు మాస్టారూ, ఇలాగియ్యండి" అని తన సత్తు బేసినులో ఇసుక వేసి, నీళ్ళు పోసి, నడుం వంచి నాలుగు తిప్పులు తిప్పింది. తెల్లఇసుక నీటితో పొర్లిపోయింది. అడుగున నలుపు, దాని అంచున ఎరుపు, ముగ్గు గీసినట్లు తేలాయి. బరువును బట్టి వేరుచేయడం అనే సూత్రాన్ని ఆమె చేతులు ఎప్పుడో నేర్చుకున్నాయి. ఆ తర్వాత ఆమె అడిగిన ప్రశ్న: "ఈ నల్లిసక కోసరమేనేటి, కంపినీవోళ్ళు తవ్వుతామని ఎగబడతన్నారు?"

ఔను, దానికోసమే. ఇల్మెనైటులో టైటానియం ఉంది, మోనజైటులో థోరియం ఉంది. శ్రీకాకుళం తీరాన ఈ తవ్వకాలపై తగాదా ఏళ్ళ తరబడిది. టిక్కెట్టు పెట్టిన ఆదివారం సభలో ఇటువంటి ప్రశ్న ఒక్కటీ రాలేదని నేను సాక్ష్యం చెప్పగలను.

మన మిత్రుల్లో కొందరు దీనికి ఒప్పుకోరు. "2023 నవంబరులో హార్బరులో బోట్లు తగలబడి కుటుంబాలు వీధినపడ్డాయి, ఉక్కు ఫ్యాక్టరీని అమ్మేస్తామని 2021 నుంచి కత్తి వేలాడుతున్నది, నువ్వు రాళ్ళేరుకుంటానంటావా?" అని ఒకాయన నన్ను నిలదీశాడు. కోపంలో న్యాయం ఉంది, తర్కంలో లేదు. ఉక్కు కోసం 1966లో 32 మంది ప్రాణాలిచ్చిన ప్రజల బిడ్డలకు, ఇనుపరాయి ఏ నేలలో దొరుకుతుందో, సొంతగని లేని కర్మాగారం ఎందుకు నష్టాల్లో పడుతుందో తెలియడం ఉద్యమానికి చేటా?

మరికొందరు ఇంకో వైపు జారతారు. జాలరికి సముద్రం తెలుసు, వాడికి మనం నేర్పేదేమిటని. ఇది వినయంలా కనిపించే సోమరితనం. 2004 డిసెంబరు 26న సునామీకి ముందు సముద్రం వెనక్కి తగ్గినప్పుడు ఎన్నో తీరాల్లో జనం వింతగా చూస్తూ నిలబడిపోయారు. థాయిలాండు తీరంలో టిల్లీ స్మిత్ అనే పదేళ్ళ ఇంగ్లీషు బాలిక మాత్రం, రెండు వారాల క్రితం భూగోళం తరగతిలో విన్నది గుర్తుపట్టి, తల్లిదండ్రులను కంగారుపెట్టి, బీచిని ఖాళీ చేయించింది. అదే రోజున సుమత్రా పక్కన సిమెలూ దీవిలో, 1907 నాటి ఉప్పెనను పాటలుగా, కథలుగా మనుమలకు చెప్పుకుంటూ వచ్చిన జనం సముద్రం తగ్గగానే కొండెక్కారు. అక్కడ పోయినవారు వేళ్ళమీద లెక్కపెట్టదగినంత మందే. ఒకచోట పాఠం, ఒకచోట పాట. రెండూ పిల్లల చెవిన పడ్డాయి గనుక పనికివచ్చాయి. పాటను సాహిత్యమని మేమూ, పాఠాన్ని సైన్సని వారూ పంచుకుని చెరో గదిలో తలుపులు వేసుకున్నాం.

ఈ పట్నానికి అసలు ఈ విద్య కొత్తదా? 1950 దశకంలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో భూగర్భశాస్త్రాచార్యుడు సి. మహదేవన్, అమెరికా నుంచి వచ్చిన లాఫాండ్, విద్యార్థులను వెంటబెట్టుకుని ఈ తీరపు ఇసుకనూ, ఈ నీటి వేడినీ కొలిచారు. భారతదేశంలో సముద్రశాస్త్రాన్ని మొదలుపెట్టిన చోట్లలో ఇదొకటి. నేడు హైదరాబాదు సంస్థ ఇన్‌కాయిస్, ఉపగ్రహాలు చూసిన నీటి వేడినీ రంగునూ బట్టి చేపలు దొరికే తావులను హార్బరుకు పంపుతుంది. ఆ సమాచారం చూసి బోటు నడిపే సరంగు కొడుక్కి, నీటి వేడికీ చేపకూ పొత్తు ఏమిటో బడిలో ఎవరూ చెప్పరు. తండ్రినీ కొడుకునీ ఆ సమాచారం ముందు నిలబెట్టి మాట్లాడిస్తే అరపూట చాలు.

ఏప్రిల్ 15న వేట నిషేధం మొదలవుతుంది. జూన్ 14 దాకా 61 రోజులు బోట్లన్నీ జెట్టీకి కట్టి ఉంటాయి, తండ్రులు ఇంటిపట్టున ఉంటారు, పిల్లలకు సెలవులు. అయస్కాంతాలు సంపాదించే పని నాది. సత్తు బేసిను ఎక్కడ దొరుకుతుందో చెప్పాను. మీ మీ కళాశాలల భూగర్భశాస్త్ర శాఖల్లో రాళ్ళ బీరువాలకు వేసిన తాళంచెవులు ఎవరి దగ్గరున్నాయో, అధ్యాపక మిత్రులారా, అది మీరు కనుక్కోండి.